వదిన వీపు మీది పెట్టె

మా వదిన చేతిలో ఏముందో ఆవిడ నడకను బట్టి చెప్పలేం. అంచుదాకా టీ పోసిన గ్లాసున్నా అదే నడక, వట్టి చేతులైనా అదే నడక. ఆవిడ మా ఇంటికి వచ్చినప్పుడు నాకు పదేళ్ళు. మేడ మీదికి టీ తీసుకెళ్తుంటే వెనకాలే నక్కి నక్కి వెళ్ళి, ఒక్క చుక్కయినా ఒలికిందేమోనని మెట్లన్నీ వెతికేవాణ్ణి. దొరికితే ఎగతాళి చేద్దామని నా ఆశ. ఇప్పుడు నాకు ముప్ఫై ఒకటి. ఆ చుక్క ఇంకా దొరకలేదు.

పెళ్ళికి ముందు ఆవిడ బల్బుల ఫ్యాక్టరీలో ఆరేళ్ళు ప్యాకింగ్ పని చేసింది. ఆరేళ్ళలో మూడు బల్బులు పగలగొట్టింది. ఆ మూడూ ఏ రోజు, ఎవరు పిలిస్తే తల తిప్పినందుకు పగిలాయో ఇప్పటికీ పూసగుచ్చినట్టు చెబుతుంది. మా అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు. ఆయన బస్సెక్కితే వదిన ముందు సీట్లో కూర్చుంటుంది. బ్రేకు పడిన ప్రతిసారీ నాలుక చప్పరిస్తుంది.

"బస్సులో మనుషులున్నారని నడపకు. గాజు సామానుందని నడుపు" అంటుంది.

"మనుషులకంటే సామాను ఎక్కువా నీకు?" అంటాడు అన్నయ్య.

"మనుషులు కుదిపితే తిడతారు. గాజు తిట్టదుగా, పగిలి ఊరుకుంటుంది."

"నిండుకుండ తొణకదని అందుకే అన్నారు, దీన్ని చూసే అనుంటారు" అని అన్నయ్య గొణుక్కుంటూ గేరు మారుస్తాడు.

ఇలాంటి మనిషికి ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం రావడంలో ఆశ్చర్యం లేదు. మొదట ట్యూబులు కడిగే పని. తర్వాత రక్తం తీయడం నేర్చుకుంది. పిల్లలు సైతం ఆవిడ దగ్గర ఏడవకుండా చెయ్యి చాపుతారని పేరు వచ్చింది. మూడేళ్ళ కిందట కొండచరియ విరిగిపడి పైఊళ్ళకు వెళ్ళే రోడ్డు కొట్టుకుపోయింది. చుట్టూ తిరిగి వచ్చే జీపుకు పదకొండు గంటలు పడుతుంది. అంతసేపు ఉంటే రక్తం పరీక్షకు పనికిరాదు. పైన చిన్న ఆసుపత్రి ఉంది, డాక్టరు ఉన్నారు, జబ్బుపడ్డవాళ్ళు నలభై మందికి పైగా ఉన్నారు, పరీక్ష చేసే యంత్రం మాత్రం కింద ఉంది. ఏం చేద్దామని పెద్దవాళ్ళందరూ బల్ల చుట్టూ కూర్చుని తలలు పట్టుకుంటే, టీలు అందిస్తున్న మా వదిన, "అడ్డదారిన సైకిలు మీద రెండు గంటల్లో దిగొచ్చు. నేను తెస్తాను" అందట.

అప్పటి నుంచీ ప్రతి గురువారం ఆవిడ వీపు మీద ఒక పెట్టె. లోపల ఐసు, స్పాంజి, నిలువుగా గుచ్చిన రక్తం శాంపిళ్ళు. తోడు ఇంకొకాయన, మేము పొడుగాయన అంటాం, ఆయన వీపు మీద రెండో పెట్టె. ఇద్దరు వెళ్ళాలన్నది ల్యాబు నియమం. దారిలో ఒకరు పడితే రెండోవాళ్ళు రెండు పెట్టెలూ తేవాలి. పెట్టెలకు అందుకే ముందొకటి వెనకొకటి తగిలించుకునే పట్టీలు కుట్టారు.

ఈ ఏడాది పొడుగాయన మోకాళ్ళు అరిగిపోయి చేతులెత్తేశాడు. ఇద్దరు కుర్రవాళ్ళను పెట్టి చూశారు. ఇద్దరూ తెచ్చిన రక్తం పాడైపోయింది. ఒక గురువారం పెట్టె వెళ్ళనే లేదు. ల్యాబు చూసే పెద్దాయన, కళ్ళద్దాల సారు, తేల్చి చెప్పేశాడు: రెండు వారాల్లోగా రెండో మనిషి దొరక్కపోతే ఈ ఏర్పాటు రద్దు. ఎవరికి పరీక్ష కావాలంటే వాళ్ళే కొండ దిగి రావాలి.

ఇక నా సంగతి. బస్ డిపో ఎదురుగా నాది సైకిల్ రిపేరు షాపు. కొండదారుల్లో సైకిల్ పోటీలకు వెళ్తాను. బాగా తొక్కుతాను, ఆ మాట నేనే చెప్పుకోవాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. కోపం ముక్కు మీదే ఉంటుంది. నా జోడీగాడు రాకెట్ అని ఒకడుండేవాడు. ఆరు గంటల పోటీకి పది రోజులుందనగా ఫోన్లో "సారీ బ్రో, వేరే వాళ్ళతో వెళ్తున్నా" అని ఒక్క ముక్క పంపి నా గాలి తీసేశాడు. అది జోడీల పోటీ. ఇద్దరూ కలిసే ఉండాలి, ఇద్దరి మధ్యా రెండు నిమిషాలకు మించి దూరం వస్తే ఆ రౌండు లెక్కలోకి రాదు. ఒంటరిగాణ్ణి గేటు దగ్గరే ఆపేస్తారు.

ఆ రోజు షాపులో పానాలు విసిరేస్తుంటే వదిన వచ్చింది. తన సైకిలు చెయిన్‌కు నూనె వేయించుకోవాలట. విసిరిన పానా తీసి మేకుకు తగిలించి నిదానంగా అంది.

"నీకు జోడీ కావాలి. నాకు రెండో మనిషి కావాలి. నీ పోటీకి నేనొస్తాను. నా పెట్టె నువ్వు మొయ్యి."

నాకు నవ్వొచ్చింది. "నలభై నాలుగేళ్ళకి ఆరు గంటల పోటీయా వదినా? దేవుడా! పోనీ పెట్టె సంగతి చెప్పు. దానికేముంది, కళ్ళు మూసుకుని తెస్తాను."

"కళ్ళు తెరుచుకునే ఇద్దరు తేలేకపోయారు మరిదిగారూ."

ఆవిడ నన్ను గారు అందంటే ఎక్కడో కాలుతుందని అర్థం. మామూలుగా ఏరా అంటుంది.

"సారుతో మాట్లాడాను. పోటీలో ఫస్ట్ ఎయిడ్ టెంటు మన ఆసుపత్రిదే, ఆయనే ఉంటాడు. ఇద్దరి రక్తం అక్కడే తీసి పెట్టెల్లో పెడతాడు. అది వీపు మీద పెట్టుకునే తొక్కుదాం. నీ పోటీయే నా ట్రైనింగ్" అంది.

నాకు తిక్క రేగింది. ఏడాదంతా నేను కలవరించిన పోటీని, జనం వచ్చి చప్పట్లు కొట్టే పోటీని, ఈవిడ ట్రైనింగ్ అంటుందా! అయినా ఒప్పుకున్నాను. గతిలేక ఒప్పుకున్నాను. డిపోలో అందరికీ మాత్రం "మా వదినకి నేను ట్రైనింగ్ ఇస్తున్నా" అని చెప్పుకు తిరిగాను.

ఆదివారం ఉదయం టెంటులో కళ్ళద్దాల సారు మా ఇద్దరి దగ్గరా మూడేసి ట్యూబుల రక్తం తీశాడు. వాటి మీద చీటీలు అంటించి ఐసులో పెట్టాడు. రెండు రౌండ్లకు ఒక ట్యూబు చొప్పున మోయాలి. ఆయన అడక్కుండానే పాఠం చెప్పాడు.

"చూడు బాబూ, రక్తం తేరుకున్నాక పైన తేలేది లేత గడ్డి రంగులో ఉండాలి. నువ్వు కుదిపావంటే లోపల ఎర్రకణాలు పగులుతాయి, వాటిలోని పొటాషియం బయటికి కారుతుంది, రంగు దిగుతుంది. అప్పుడు యంత్రం అబద్ధం చెబుతుంది. మొదటి రెండూ నేర్చుకోవడానికి. చివరి ట్యూబే నీ పరీక్ష. అది ఎర్రగా వస్తే గురువారం పెట్టె లేదు. నేనింక ఆగలేను."

"ఎందుకు వస్తుంది సార్, రాదు" అన్నాను. వదిన పట్టీ బిగించుకుంటోంది.

ఈల మోగింది. నూట పది జోడీలు ఒక్కసారిగా ఎగబడ్డాయి. నేనూ ఎగబడ్డాను. రెండు వంపులు తిరిగి వెనక్కి చూస్తే వదిన లేదు! ఆగాను. అందరూ దుమ్ము నా మొహాన కొట్టి వెళ్ళిపోతున్నారు. రాకెట్‌గాడు వెళ్తూ వెళ్తూ "ఏంటి, పిన్నిని తెచ్చుకున్నావా?" అన్నాడు. పళ్ళు నూరాను. ఒకటిన్నర నిమిషం తర్వాత వదిన వచ్చింది, కూరగాయలకు వెళ్తున్నదానిలా.

"కాస్త కాలు కదపొచ్చుగా!"

"కదుపుతూనే ఉన్నా. నువ్వే ఆగావు."

ఎత్తులో నేను ముందు, దిగుడులో నేను ముందు, ప్రతి మలుపులోనూ ఆగి తిట్టుకుంటూ ఎదురుచూసేది నేనే. దిగుడంటే మామూలు దిగుడు కాదు అది. బండరాళ్ళు, వేళ్ళు, మధ్యలో నీళ్ళు పారి పడ్డ గాడి. నేను రాయి మీంచి రాయి మీదికి దూకాను. చక్రాలు గాల్లో ఉన్నాయో నేల మీద ఉన్నాయో తెలియనంత జోరు. రెండు రౌండ్లయ్యాక టెంటు దగ్గర ఆగాం. మా స్థానం ముప్ఫై నాలుగు. సారు మా ట్యూబులను గిరగిర తిప్పే యంత్రంలో పెట్టాడు. ఆగాక తీసి వెలుతురుకు పట్టాడు.

వదినది తేనెలా తేటగా ఉంది. నాది దానిమ్మ రసం.

"ఈ రక్తాన్ని నమ్మి చెప్పాలంటే నీ ఒంట్లో పొటాషియం ఎంత పెరిగిందంటే, సాయంత్రానికి నీ గుండె ఆగిపోవాలి" అన్నాడు సారు.

"నేను దున్నపోతులా ఉన్నాను కదా సార్!"

"నువ్వు అలాగే ఉన్నావు. ఇది తెచ్చినవాడే బాగాలేడు."

కొరకబోతున్న అరటిపండు పక్కన పెట్టేశాను. వదిన రెండో ట్యూబులను పెట్టెల్లో పెట్టించి, పట్టీలు తానే బిగించింది. "ఈసారి నా వెనకాల రా. నా చక్రం ఎక్కడ పెడితే నీది అక్కడ పెట్టు" అంది.

చిన్నప్పుడు మెట్ల మీద వెనకాల నక్కినట్టే మళ్ళీ నక్కాను. మూడో రౌండులోనే మొదటిసారి ఆవిడ తొక్కడం నేను నిజంగా చూశాను. ఏం చెప్పను! దిగుడులో సీటు మీద కూర్చోదు. మోకాళ్ళు, మోచేతులు వదులుగా ఉంచి లేచి నిలబడుతుంది. సైకిలు కింద ఎగురుతుంటుంది, దూకుతుంటుంది, పక్కకు జారుతుంటుంది. మీద ఆ పెట్టె మాత్రం గోడకు మేకు కొట్టి తగిలించినట్టు ఉంటుంది. నేను దాని మీది ఎర్ర గుర్తునే చూస్తూ దిగాను. అది పక్కకు ఒరగలేదు, పైకి ఎగరలేదు. కింద భూకంపం, మీద శాంతం. ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ, ఈవిడ చెయిన్‌కు నూనె వేసి పంపిస్తూ, ఈ విద్యను ఒక్కనాడు చూడలేదు కదా నేను!

"బ్రేకు రాయి దగ్గర వేస్తే ఏం లాభం?" అంటుంది ముందు నుంచి, తల తిప్పకుండానే. "రాయి కనపడగానే వెయ్యి. వచ్చేసరికి వదిలెయ్యి." కాసేపాగి మళ్ళీ, "రాయిని చూడకు. రాయిని చూస్తే రాయి మీదికే పోతావ్. పక్కనున్న దారిని చూడు."

నాలుగో రౌండు అయ్యాక తెలిసింది ఇంకో సంగతి. టైము రాసే అతను మా కాగితం చూపించాడు. మొదటి రౌండు యాభై ఆరు నిమిషాలు, రెండోది యాభై ఆరు, మూడోది యాభై ఆరు, నాలుగోది యాభై ఆరు. "పొరపాటున అదే అంకె నాలుగుసార్లు రాశాననుకుని మళ్ళీ సరిచూశానండీ" అన్నాడు అతను. మా చుట్టూ మొదట్లో ఎగిరినవాళ్ళంతా కాళ్ళు పట్టేసి గడ్డి మీద దొర్లుతున్నారు. మేము పదకొండో స్థానంలో ఉన్నాం. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలంటారు. ఈవిడ నిలబడి పాలే తాగుతోంది.

నా రెండో ట్యూబు లేత గులాబి రంగు. "ఎదిగావు. చాలదు" అన్నాడు సారు.

నీళ్ళ డ్రమ్ము దగ్గర వదిన పక్కన కూర్చున్నాను. ఆవిడ చేతులు చూశాను. బొబ్బలు లేవు, వణుకు లేదు.

"ఇది నీకెలా వచ్చింది వదినా? బల్బుల దగ్గరా?"

"బల్బుల దగ్గర సగం" అంది. నీళ్ళు తాగి, గ్లాసు చప్పుడు లేకుండా కింద పెట్టింది. "మిగతా సగం ఒక ట్యూబు పాడుచేసి నేర్చుకున్నా. పైఊళ్ళో గొర్రెల తాత ఉన్నాడే, మూత్రపిండాల జబ్బు. నేను వెళ్ళడం మొదలుపెట్టిన కొత్త. ఆ రోజు వాన. చీకటి పడేలోపు దిగాలని తొందరపడ్డా, కుదిపేశా. రిపోర్టులో పొటాషియం ఆకాశానికంటింది. ప్రాణానికే ముప్పని పైకి ఫోను వెళ్ళింది. ఆ వానలోనే నలుగురు ఆయన్ని మంచం మీద మోసుకుని దిగారు. పద్నాలుగు కిలోమీటర్లు. మోసేవాళ్ళలో ఒకాయన కాలు విరిగింది. తీరా ఇక్కడ మళ్ళీ పరీక్ష చేస్తే తాతకి ఏమీ లేదు. నా ట్యూబే అబద్ధం."

ఖాళీ అయిన ఆవిడ గ్లాసులో మళ్ళీ నీళ్ళు పోశాను.

"ఆ పై గురువారం నేను వెళ్తే ఒక్కరూ చెయ్యి చాపలేదు. తలుపులు కూడా తియ్యలేదు. తాత కర్ర పట్టుకుని వచ్చి, నా ముందు కూర్చుని, చొక్కా చెయ్యి మడిచాడు. ఏమీ అడగలేదురా. తిట్టినా బాగుండేది." లేచి హెల్మెట్ పెట్టుకుంది. "మళ్ళీ ఆయన్ని మంచం మీద దింపనని మనసులో అనుకున్నా. ఇప్పుడు రెండో మనిషి లేడంటే దింపినట్టేగా? పద, టైమవుతోంది."

నా ఒంట్లో అప్పటిదాకా ఉన్న రాకెట్‌గాడి మీది కసి ఎటుపోయిందో తెలియదు. మూడో ట్యూబు పెట్టెలోకి వెళ్తుంటే చూస్తూ నిలబడ్డాను. నా రక్తమే. కానీ నాకది తాత రక్తంలా కనపడింది.

ఐదో రౌండు నా జీవితంలో నేను తొక్కిన అన్నిటిలోకీ మంచి రౌండు. ఒక్క రాయినీ చూడలేదు. దారి దానంతటదే వచ్చి చక్రం కింద పడింది. వీపు మీద పెట్టె ఉందన్న సంగతి మర్చిపోలేదు, కానీ బరువు తెలియలేదు. యాభై ఆరు నిమిషాలు. ఆరో రౌండు ఎత్తు ఎక్కేసరికి మేము నాలుగో స్థానం. శిఖరం మీద నిలబడ్డ వాలంటీర్లు మా వదినను చూసి డబ్బాలు వాయించారు. కనుచూపు మేరలో రాకెట్‌గాడు కనపడ్డాడు. వాడి కొత్త జోడీ వాణ్ణి వదిలి ముందు పోతున్నాడు. వీడేమో ఈడ్చుకుంటూ తొక్కుతున్నాడు. ఇంకొక్క దిగుడు, వాడి పక్కనుంచి వెళ్ళామంటే మూడో స్థానం!

గాడి దాటగానే వదిన ముందు చక్రం కింద రాయి దొర్లింది. ఎవరి తప్పూ కాదు. ఐదు రౌండ్లు కదలని రాయి ఆరో రౌండులో కదిలింది, అంతే.

పడేటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? వెల్లకిలా పడతారు, లేదా పక్కకు తిరిగి చేతులు అడ్డం పెట్టుకుంటారు. ఆవిడ గాల్లోనే బోర్లా తిరిగింది. చేతులు ముందుకు చాపలేదు. రెండు చేతులూ భుజాల దగ్గర పట్టీలనే పట్టుకుని ఉన్నాయి. ఛాతీ మీద, గడ్డం మీద, రాళ్ళ మీద పడింది. ఒక్క చిన్న చప్పుడు, పుల్ల విరిగినట్టు. పెట్టె మాత్రం ఆవిడ వీపు మీద బల్ల మీద పెట్టినట్టు నిలబడి ఉంది.

"వదినా!" సైకిలు వదిలేసి పరుగెత్తాను. గడ్డం చిట్లి రక్తం కారుతోంది. మెడ కింద ఎడమవైపు ఎముక చర్మం లోపల గూడులా లేచింది. ఏం తోచక "ఎవరన్నా రండయ్యా!" అని అరిచాను.

ముందు పోతున్న రాకెట్ ఆగాడు. వెనక్కి చూశాడు. సైకిలు పక్కన పడేసి ఎత్తుకు ఎదురెక్కుతూ వచ్చాడు. వాడి మూడో స్థానం వాడి కళ్ళముందే దొర్లిపోయింది. అయినా వచ్చాడు. శిఖరం మీదున్న వాలంటీర్లకు చొక్కా విప్పి ఊపాడు. వాళ్ళు వాకీటాకీలో స్ట్రెచర్‌కు చెబుతున్నారు.

"పెట్టె తియ్" అంది వదిన.

"పెట్టె సంగతి తర్వాత..."

"ఏరా, వినపడలా? నిలువుగా పట్టుకుని తియ్. నీ ముందు తగిలించుకో. పో."

"నిన్ను ఇలా వదిలేసి ఎక్కడికి పోను? నీకు బుద్ధుందా అసలు?" ఏడుపొచ్చేసింది నాకు. కోపమో ఏడుపో తెలియని గొంతుతో అరిచాను. "అది మన రక్తమే కదే తల్లీ! ఎవడికి కావాలి? మళ్ళీ తీసుకోవచ్చు!"

ఆవిడ కళ్ళు మూసి తెరిచింది. నొప్పి ఆగేదాకా ఆగి అంది. "ఇద్దరిని ఎందుకు పంపుతారు? దీనికేగా? ఇవాళ మన రక్తమని ఆగితే, రేపు తాత రక్తమైనా ఆగుతావు. నేను ఇక్కడ ఎంతసేపైనా పడుంటా. పెట్టెలో ఐసు అంతసేపు ఉండదు. వెళ్ళు. మెల్లిగా వెళ్ళు."

"నువ్వెళ్ళు" అన్నాడు రాకెట్. ఆవిడ తల కింద తన చొక్కా మడిచి పెడుతున్నాడు. "నేనుంటా. ప్రామిస్."

రెండు పెట్టెలతో సైకిలెక్కాను. వెనక నాది, ముందు ఆవిడది.

ఆ దిగుడు గురించి నేనెవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడా చెప్పలేను. ఒళ్ళంతా కిందికి దూకెయ్ దూకెయ్ అంటోంది. ప్రతి రాయి దగ్గరా వేళ్ళు బ్రేకు వదలమని లాగుతున్నాయి. వెనక నుంచి ఒక్కసారి ఆవిడ మూలుగు వినపడింది. ఇరవై ఏళ్ళలో ఆవిడ మూలగడం నేను వినలేదు. ఆ చప్పుడు విని కూడా నేను మోకాళ్ళు వదులు చేసి, మోచేతులు వదులు చేసి, రాయి పక్కనున్న దారినే చూశాను. కళ్ళనీళ్ళు అడ్డం వస్తే రెప్పలతో విదిలించాను, చెయ్యి తీయలేదు. జోడీలు ఒక్కొక్కటే "తప్పుకో తప్పుకో" అంటూ నన్ను దాటుతున్నాయి. తప్పుకున్నాను. ఎవరికి దారి ఇచ్చానో, ఎందరికి ఇచ్చానో గుర్తులేదు. నా గుండె గుర్రంలా పరుగెడుతోంది, నా చక్రం మాత్రం నడుస్తోంది. మనిషి ఇలా రెండుగా ఉండగలడని నాకు అంతకుముందు తెలియదు. ఆవిడ ప్రతి గురువారం ఇలాగే ఉందన్నమాట, మూడేళ్ళుగా.

ముగింపు గీత దగ్గర పోటీ నడిపే గళ్ళ చొక్కా అతను "జోడీ ఏది? జోడీ లేకపోతే రౌండు లెక్కలోకి రాదు!" అని అడ్డొచ్చాడు. అతని పక్కనుంచి టెంటులోకి వెళ్ళాను. పెట్టెలు దించి, సారు చేతికి ఇచ్చాను.

సారు ట్యూబులు యంత్రంలో పెట్టి మూత వేశాడు. అది పది నిమిషాలు తిరగాలి. ఆ పది నిమిషాల్లో స్ట్రెచర్ వచ్చింది. ఒకవైపు పట్టుకున్నది రాకెట్, ఒంటి మీద చొక్కా లేదు. డాక్టరమ్మ వదిన భుజం పట్టుకోబోతే, వదిన రెండో చేత్తో ఆపి అడిగింది.

"రంగేంటి సార్?"

యంత్రం ఆగింది. సారు రెండు ట్యూబులు తీసి టెంటు బయటికి నడిచాడు. మేమంతా ఆయన వెనకే. మధ్యాహ్నపు ఎండకు పట్టాడు. ఎడమ చేతిదాన్ని చూశాడు, కుడి చేతిదాన్ని చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. రెండూ లేత గడ్డి రంగు. రెండింటిలోంచీ ఎండ అటు నుంచి ఇటు వచ్చింది.

"చీటీ చూస్తేగానీ ఏది ఎవరిదో చెప్పలేనమ్మా" అన్నాడు.

వదిన అప్పుడు ఏడ్చింది. ఎముక విరిగినప్పుడు ఏడవని మనిషి. "నొప్పిగా ఉందా?" అంటే "ఊఁ, ఇప్పుడు తెలుస్తోంది" అంది. ఫలితాల బోర్డు మీద మా పేర్లు ఎక్కడున్నాయో నేను వెళ్ళి చూడలేదు. ఇరవై ఆరో ఇరవై ఏడో అని తర్వాత ఎవరో చెప్పారు.

మళ్ళీ ఇద్దరు కావాలి కదా. ఆ సాయంత్రమే రాకెట్ ఆసుపత్రి వరండాలో నిలబడి, "ఆ పెట్టెలో ఏముంటుంది?" అని అడిగాడు. సోమ, మంగళ, బుధ, మూడు సాయంత్రాలు వదిన చేతికి కట్టుతో డిపో మెట్ల పైన కుర్చీ వేసుకుని కూర్చుంది. రాకెట్ వీపు మీద వాడి రక్తమే పెట్టి ఆ మెట్ల మీంచి, వెనక గుట్ట మీంచి పాతికసార్లు దింపింది. మొదటి రోజు వాడిదీ దానిమ్మ రసమే. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మా అన్నయ్య బస్సు ఆపి మరీ చూసి, "వచ్చావా నాయనా, నువ్వూ దొరికావా!" అని వాణ్ణి ఓదార్చాడు. బుధవారం సాయంత్రానికి వాడి ట్యూబు తేటపడింది. సారు కాగితం మీద సంతకం పెట్టాడు.

గురువారం మేమిద్దరం కొండెక్కాం. పై ఆసుపత్రి అరుగు మీద జనం వరసగా కూర్చుని ఉన్నారు. మా మొహాలు కొత్త. అక్కడి నర్సమ్మ సూది సిద్ధం చేసుకుని పిలిచినా, ఎవరూ కదల్లేదు. వరసలో ముందున్న ముసలాయన, ఒళ్ళో కర్ర, నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. గొర్రెల తాత అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"అమ్మాయేది?" అన్నాడు.

"నేను ఆవిడ మరిదిని తాతా. ఆదివారం సైకిలు మీంచి పడింది. ఎముక విరిగింది."

"అయ్యో" అన్నాడు. కాసేపు నా వీపు మీది పెట్టెను చూశాడు. "పెట్టె పడిందా?"

"లేదు తాతా. పడలేదు."

తాత తలాడించి, కర్ర గోడకు ఆనించి, చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచాడు.